కాండో బోర్డులో చేరమంటున్నారు, చేరవచ్చా?

అందరికీ నమస్కారం. మాది అమలాపురం. న్యూజెర్సీకి వచ్చి ఏడాదిన్నర అయింది, ఈ మధ్యే కాండో (ఉమ్మడి భవనంలో సొంత ఫ్లాటు) కొన్నాం. లెక్కలు తెలిసినవాణ్ణని యజమానుల సంఘాన్ని నడిపే బోర్డులో కోశాధికారిగా ఉండమని అడుగుతున్నారు. జీతం ఏమీ లేదు. ఎవరైనా కేసు వేస్తే నా ఇల్లు, పొదుపు పోతాయా? నాన్నగారు వద్దంటున్నారు.

——

తమ్ముడూ, మాది రాజోలు. అక్కడ పంతొమ్మిదేళ్లు ఉండి ఇప్పుడు ఊరికి వచ్చేశాను. అందులో ఆరేళ్లు కాండో బోర్డులో పనిచేశాను. నాన్నగారి భయం సహజమే, అయినా నువ్వు చేరాలనే చెబుతాను. మనవాళ్లు నెలనెలా డబ్బు కట్టి ఊరుకుంటారు, పైకప్పు కారినప్పుడే బోర్డు గుర్తుకొస్తుంది.

నిర్ణయం బెడిసికొట్టినంత మాత్రాన నీ ఆస్తి పోదు. తన అధికార పరిధిలో, అందరి మేలు కోరి, విచారించి తీసుకున్న నిర్ణయంలో కోర్టులు సాధారణంగా వేలు పెట్టవు. పక్కనే ఉన్న న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 1990లో లెవాండస్కీ కేసులో కో-ఆప్ (నివాసులే వాటాదారులుగా ఉండే భవనం) బోర్డులకు ఈ సూత్రాన్నే వర్తింపజేసింది. అయితే వివక్షకు ఈ రక్షణ లేదు. 2012లో న్యూయార్క్‌లోని డకోటా అనే కో-ఆప్ భవనం కేసులో, వివక్షలో స్వయంగా పాలుపంచుకున్న డైరెక్టరు సొంతంగా బాధ్యుడు కావచ్చని అక్కడి అప్పీలు కోర్టు చెప్పింది. అందుకే 'ఈ ఇల్లు మన తెలుగువాళ్లకే వచ్చేలా చూద్దాం' అన్న మాట కూడా నోట రానివ్వకు.

ఇక బీమా. మంచు మీద ఎవరైనా జారిపడితే ఆదుకునేది సాధారణ లయబిలిటీ పాలసీ. బోర్డు నిర్ణయాల మీద దావా పడితే అది పనికిరాదు. దానికి డైరెక్టర్స్ అండ్ ఆఫీసర్స్ పాలసీ ఉండాలి. సంఘం డబ్బు ఎవరైనా కాజేస్తే దానికి ఫిడెలిటీ బీమా వేరు. కోశాధికారివి కాబట్టి అదీ అడుగు.

డైరెక్టర్ల పాలసీలో ఒక మెలిక ఉంటుంది. తప్పు ఎప్పుడు జరిగిందన్నది ఒక్కటే చూడరు, దావా ఎప్పుడు వచ్చింది, బీమా కంపెనీకి ఎప్పుడు తెలిపారు అన్నదే ముఖ్యం. నాకు ముందున్న అధ్యక్షుడు ఒక యజమాని లాయరు పంపిన ఉత్తరాన్ని సొరుగులో పెట్టి మరచిపోయాడు. పాలసీ సంవత్సరం మారాక కేసు పడింది, ఆలస్యంగా తెలిపారని కంపెనీ తిరస్కరించింది. లాయరు ఖర్చు ఇంటింటి మీదా వేశాం. పింఛను మీద బతికే ఒక పెద్దావిడ వాటా వసూలు చేసి రసీదు రాసింది నేనే. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

1986 వరదల్లో మా నాన్నగారు ఏటిగట్టు మీద లాంతరుతో కాపలా కాశారు. గట్టులో ఎలుక బొరియ కనిపిస్తే ఆ రాత్రే కేక వేయాలి, తెల్లవారితే గండి పడుతుంది. లాయరు ఉత్తరమూ అంతే. అందిన రోజునే కంపెనీకి రాతపూర్వకంగా పంపించు.

——

చాలా కృతజ్ఞతలండి. ప్రీమియం నేను కట్టాలా?

——

లేదు, సంఘమే కడుతుంది. పాలసీ ప్రతి పూర్తిగా అడిగి తీసుకో, ఒక పేజీ సర్టిఫికెట్ చాలదు. డబ్బు అడగని దావాలకూ లాయరు ఖర్చు ఇస్తుందా చూడు. సంఘం నియమావళిలో, దావా పడితే బోర్డు సభ్యుల ఖర్చు సంఘం భరిస్తుందన్న నిబంధన ఉందో లేదో చదువు. ఏ నిర్ణయమైనా నచ్చకపోతే నీ అసమ్మతిని మినిట్స్‌లో (సమావేశం రికార్డులో) రాయించు. ఇవన్నీ చూశాకే ఒప్పుకో. నాన్నగారికి పాలసీ చదివి వినిపించు.