కొబ్బరి తోటలో బెల్లీ మోవర్: బెల్టు ఎందుకు నిలవడం లేదు?

రాజోలు తోట:
అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర కొబ్బరి తోట. జపాన్ నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ మినీ ట్రాక్టరు కొన్నాం. గడ్డి కోసే డెక్కు దాని పొట్ట కింద, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్యలో ఉంటుంది. చెట్ల మధ్య తిరగడానికి చాలా బాగుంది. వెనక తగిలించే గడ్డి కోసే స్లాషర్ మలుపులో పక్కకి ఊగి మొదళ్లకి తగులుతుంది, దీనికి ఆ బాధ లేదు. చిక్కల్లా బ్లేడుని తిప్పే బెల్టుతోనే. కొత్తది వేస్తే సీజను పూర్తయ్యేదాకా ఉండటం లేదు. ముందు కీచుమంటుంది, తర్వాత రబ్బరు కాలిన వాసన వస్తుంది, చివరికి ఒక పక్క అంచున పోగులు లేచి తెగిపోతుంది. మంచి కంపెనీ బెల్టే వేస్తున్నాం. ఇంకా ఖరీదైనది తెప్పించాలా?

ముమ్మిడివరం వర్క్‌షాపు:
ఖరీదైన బెల్టు తర్వాత చూద్దామండీ. పోగులు ఒక పక్కనే లేస్తున్నాయంటే తప్పు బెల్టుది కాదు, పుల్లీల లైనుది. గేర్‌బాక్సు పుల్లీ అంచు నుంచి బ్లేడు పుల్లీ అంచుకి ఒక గట్టి దారం బిగించి పట్టుకోండి. అంచుల మందం సమానమైతే ఆ దారం ఒక్కో పుల్లీకి రెండు చోట్ల, మొత్తం నాలుగు చోట్ల తాకాలి. ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ పుల్లీ ఎత్తు తేడాగా ఉందన్నమాట, లేకపోతే షాఫ్టు వంగింది.

తర్వాత ఐడ్లర్, అంటే స్ప్రింగుతో బెల్టుని లాగి పట్టే చిన్న పుల్లీ. బెల్టు తీసేసి దాన్ని చేత్తో తిప్పండి. గరగరమన్నా, పైకీ కిందకీ ఆడినా బేరింగు మార్చాల్సిందే. చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఐడ్లర్ బిగించి ఉన్న చేతిని కూడా ఊపి చూడండి. అది తిరిగే చోట బుష్ (బోల్టుకీ చేతికీ మధ్య ఉండే గొట్టం ముక్క) అరిగితే, బెల్టు వదులుగా ఉన్నప్పుడు పుల్లీ నిటారుగానే కనిపిస్తుంది. స్ప్రింగు లాగగానే పక్కకి వాలుతుంది. అప్పుడు బెల్టు రోజంతా ఒక అంచు మీదే రుద్దుకుంటుంది.

ఇవన్నీ ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాకే. డెక్కు ఎత్తి కింద చెయ్యి పెట్టేటప్పుడు హైడ్రాలిక్‌ని నమ్మొద్దు, చెక్క దిమ్మలు పెట్టండి. లుంగీతో, మెడలో తుండుతో ఈ మిషను దగ్గరికి ఎవర్నీ రానివ్వకండి. పీటీవో షాఫ్టుకి, అంటే ఇంజను బలాన్ని డెక్కుకి అందించే తిరిగే కడ్డీకి, బట్ట చుట్టుకుంటే చెయ్యి వెనక్కి తీసుకునే టైము కూడా ఉండదు.

అంబాజీపేట రైతు:
కొబ్బరి తోట అన్నారు కాబట్టి ఒక మాట. పీచు చూసుకోండి. రాలిన కాయల పీచు, మట్టల ఈనెలు బ్లేడు కింద నలిగి దుమ్ములాగా పైకి వచ్చి డెక్కు మీద పేరుకుంటాయి. పొడుగు పోగులు బ్లేడు తిరిగే ఇరుసుకి (స్పిండిల్‌కి), ఐడ్లర్ బోల్టుకి చుట్టుకుని లోపలికి బిగుసుకుపోతాయి. బేరింగు సీలు చిరిగేది అక్కడే. సీలు చిరిగితే గ్రీజు బయటికొచ్చి నేరుగా బెల్టు మీద పడుతుంది. మేము కోతకి ముందు మట్టలన్నీ ఏరించేస్తాం. పని అయ్యాక డెక్కు పై కవరు తీసి బ్రష్షుతో దులిపి, పుల్లీల కింద చుట్టుకున్న పీచుని కొంకితో లాగేస్తాం. అయిదు నిమిషాల పని. నీళ్ల పైపుతో మటుకు బేరింగుల మీదకి కొట్టకండి, నీళ్లు లోపలికి పోతాయి.

అల్లవరం తీరం:
మాకు సముద్రం దగ్గర. వానాకాలం డెక్కు ఊరికే పడుంటే పుల్లీ గాడిలో తుప్పు గరుకుగా లేస్తుంది. దాని మీద కొత్త బెల్టు వేస్తే సాన పట్టినట్టు పక్కలు అరిగిపోతాయి. వైర్ బ్రష్షుతో తుప్పు తీసి, ఎమరీ కాగితంతో గాడి నున్నగా చేసి, పొడిగుడ్డతో తుడిచాకే బెల్టు వెయ్యండి. తుప్పు పట్టకుండా గాడిలో నూనె రాసే అలవాటు కొందరికి ఉంది. దయచేసి ఆ పని చెయ్యొద్దు. డీజిలు, ఆయిలు, గ్రీజు ఏది తగిలినా రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది.

పాలకొల్లు టిల్లర్:
మాది పవర్ టిల్లరు. అందులోనూ ఇవే బెల్టులు కదా. కీచుమంటే ఇక్కడ చాలామంది సబ్బుముక్క రుద్దుతారు, లేదంటే బెల్టు వాక్స్ కొడతారు. ఆ పూటకి శబ్దం ఆగుతుంది.

ముమ్మిడివరం వర్క్‌షాపు:
ఆ పూటకేనండీ. కీచుమంటోందంటే బెల్టు జారుతోంది. జారితే వేడెక్కుతుంది, వేడెక్కితే పక్కలు గాజులా మెరుపెక్కి ఇంకా జారుతుంది. వాక్స్ రాస్తే దానికి గడ్డి నుసి అతుక్కుని గాడి నిండిపోతుంది. ఆయిలు పడిందనిపిస్తే సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. అప్పటికే ఉబ్బి ఉంటే పారెయ్యండి.

అన్నట్టు, టిల్లర్లలో రెండు మూడు బెల్టులు జతగా ఉంటాయి. అందులో ఒకటి పోతే అన్నీ మార్చాలి. పాతవి సాగి ఉంటాయి కాబట్టి బరువంతా కొత్తదాని మీద పడుతుంది.

భీమవరం చెరువు గట్టు:
మేము చేపల చెరువు గట్ల మీద గడ్డికి ఇలాంటిదే వాడుతున్నాం. నాకు సైజు దగ్గర ఇబ్బంది వచ్చింది. పాత బెల్టు మీద 5ఎల్ 680 అని ఉంది. షాపులో బి 68 ఇచ్చారు. వదులుగా ఉండి గడ్డి ఒత్తుగా ఉన్నచోట బ్లేడు ఆగిపోయేది. ఎందుకో తేలలేదు.

ముమ్మిడివరం వర్క్‌షాపు:
రెండు నంబర్లలోనూ 68 ఉంది కానీ కొలత వేరండీ. 5ఎల్ 680 అంటే బెల్టు బయటి చుట్టు కొలత 68 అంగుళాలు. బి 68 అంటే లోపలి చుట్టు 68 అంగుళాలు. బి సెక్షనులో (సెక్షను అంటే బెల్టు వెడల్పు, మందం సైజు) బయటి కొలత లోపలి కంటే దాదాపు 3 అంగుళాలు ఎక్కువ. మీకు సరిపోయేది బి 65. ఎ సెక్షనులో ఈ తేడా 2 అంగుళాలు. పాత బెల్టు మీద నంబరు చెరిగిపోతే దాన్ని కొలవకండి, అది సాగి ఉంటుంది. ఐడ్లర్‌ని మధ్యలో ఉంచి, బెల్టు వెళ్లే దారిలోనే పుల్లీల చుట్టూ తాడు తిప్పి కొలుచుకోండి.

ఇంకొకటి. 5ఎల్ రకం తేలిక పనికి చేసినది. బెల్టు వీపు మీద ఐడ్లర్ తిరిగే మోవర్లకి అరామిడ్ అనే గట్టి పోగులున్న బెల్టు మంచిది, అది తక్కువ సాగుతుంది. మిషను పుస్తకంలో పార్టు నంబరు ఉంటే దాన్నే అడగండి.

రాజోలు తోట:
అందరూ చెప్పినవి చూశాను. ఐడ్లర్ బేరింగు బాగానే ఉంది, చెయ్యి తిరిగే బుష్ మాత్రం కోలగా అరిగిపోయింది. స్ప్రింగు లాగగానే పుల్లీ వాలడం కంటికి కనిపిస్తోంది. బోల్టు చుట్టూ బోలెడు పీచు. ఇంకో సంగతి, గేర్‌బాక్సు పుల్లీ గాడి అడుగు తళతళలాడుతోంది. కొత్త బెల్టు పెట్టి చూస్తే పుల్లీ అంచు కంటే కిందకి దిగిపోతోంది. ఇది మామూలేనా?

ముమ్మిడివరం వర్క్‌షాపు:
కాదండీ. ఇలా V ఆకారంలో ఉండే వి బెల్టు పట్టు అంతా దాని రెండు పక్కలదే, అడుగు భాగం గాడి అడుగుని అసలు తాకకూడదు. అడుగు మెరుస్తోందంటే బెల్టు కిందకి జారి అక్కడ రుద్దుకుంటోంది. పాత బెల్టు దిగితే అరిగింది బెల్టే అనుకోవచ్చు. కొత్తదీ దిగుతోందంటే పుల్లీ పక్కలు అరిగాయి, లేదా బెల్టు సెక్షను చిన్నది. బి బెల్టు పైన వెడల్పు 17 మిల్లీమీటర్లు, ఎ బెల్టుకి 13. వెర్నియర్ పెట్టి చూసుకోండి. సెక్షను సరిగ్గానే ఉంటే పుల్లీ మార్చండి. బుష్ ఏ లేత్ షాపులోనైనా చేసి ఇస్తారు, బోల్టు కూడా పట్టుకెళ్లండి.

రాజోలు తోట:
సరేనండి. స్ప్రింగు కొంచెం సాగినట్టుంది. ఇంకో రంధ్రంలోకి మార్చి బిగువు పెంచితే పనవుతుందా?

ముమ్మిడివరం వర్క్‌షాపు:
వద్దు, స్ప్రింగే కొత్తది వెయ్యండి. బిగువు ఎక్కువైతే బెల్టు జారదు గానీ బేరింగులు పోతాయి. స్ప్రింగు లేకుండా బోల్టుతో బిగించే మిషన్లలో అయితే రెండు పుల్లీల మధ్య దూరం మీటరుంటే, నడిమిన ఓ మాదిరిగా నొక్కినప్పుడు 16 మిల్లీమీటర్లు దిగాలి. మీకు స్ప్రింగే ఆ పని చూసుకుంటుంది.

బెల్టు తీసే ముందు అది వెళ్లే దారిని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ఎక్కించేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో పుల్లీ అంచు మీదుగా ఎత్తి తొయ్యకండి. పైకి ఏమీ తెలియదు, లోపల పోగులు తెగుతాయి. నాలుగు రోజులు నడిచాక బెల్టు గాడిలో తిరగబడటం మొదలవుతుంది. ఐడ్లర్‌ని వెనక్కి లాగి పట్టి చేత్తోనే ఎక్కించండి. మొదట గడ్డి లేని చోట కాసేపు ఖాళీగా తిప్పి, ఆపి, ఐడ్లర్ ఎంత కదిలిందో చూసుకోండి.

అంబాజీపేట రైతు:
స్పేరు బెల్టు కొని పెట్టుకుంటే దాన్ని షెడ్డులో మేకుకి తగిలించకండి. మా చుట్టూ వరి చేలు, కోతలయ్యాక ఎలుకలు, పందికొక్కులు షెడ్డులోకి వస్తాయి. రేకు డబ్బాలో మెలి పెట్టకుండా వదులుగా చుట్టి మూత పెట్టండి, ఎండ తగలని చోట.

రాజోలు తోట:
రేపు బుష్ పని చేయిస్తాను. పుల్లీకి తణుకులో అడిగి చూస్తా, దొరక్కపోతే పాతదాన్ని కొలతకి ఇచ్చి చేయించాలి. కొత్త బెల్టుతో కొన్ని ఎకరాలు కోసి అంచులు ఎలా ఉన్నాయో ఫొటో పెడతాను.