రోజుకు అరగంట పియానో: స్కేల్స్ ముందా, పాట ముందా?

కొత్తవేళ్ళు
అందరికీ నమస్తే. వయసు 36, ఉండేది మియాపూర్, ఐటీ ఉద్యోగం. సంక్రాంతికి 61 కీల కీబోర్డ్ కొన్నాను. పియానో కాదు గానీ నేర్చుకుంటున్నది పియానో పద్ధతిలోనే. శనివారాలు ఒక సార్ దగ్గరికి వెళ్తున్నాను. మూడు నెలలైంది. ఇప్పటికి వచ్చినవి సి మేజర్, జి మేజర్ స్కేల్స్ (స్వరాల వరసలు). అవీ రెండు చేతులూ కలిపితే తడబాటే. పాట అడిగితే "ఇంకా వేళ్ళు కుదరలేదు" అంటారు. ఆఫీసు నుంచి వచ్చి, తిని, పాపను పడుకోబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టుకునేసరికి రాత్రి పది. అరగంట అనుకుని కూర్చుంటాను, పది నిమిషాలకే చేతిలోకి ఫోన్ వచ్చేస్తుంది. రోజూ కూర్చోబుద్ధయ్యేలా ఈ అరగంటను ఎలా పంచుకోవాలి? స్కేల్స్ పక్కనపెట్టి పాట మొదలుపెడితే తప్పా?

గుంటూరు కార్డ్స్
తప్పేం లేదు తమ్ముడూ, ఈరోజే మొదలుపెట్టు. పద్దెనిమిదేళ్ళుగా చర్చిలో వాయిస్తున్నా, పని కట్టుకుని స్కేలు సాధన చేసింది లేదు. ఎడమచేత్తో సి, ఎఫ్, జి, ఏ మైనర్, ఈ నాలుగు కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒకేసారి నొక్కేవి) పట్టుకో. నీకు నిద్రలో కూడా గుర్తుండే పాట పల్లవి ఒకటి కుడిచేత్తో వెతుక్కో. ఆ వెతుకులాటే సాధన. మూడు నెలలు స్కేల్సే వాయించినవాడికి స్కేల్సే వస్తాయి.

చిట్టిగారె
మా ఇంట్లో కీబోర్డ్ మీద ప్రస్తుతం దోసెల పెనం ఉంది. చెప్పాలనిపించింది, చెప్పాను.

సరళీవరస
కొత్తవేళ్ళు గారూ, మీ సార్ చెప్పినదాంట్లో అర్థం ఉంది, వినండి. ఏడు స్వరాలకు మన దగ్గరున్నవి ఐదు వేళ్ళు. సి కీని స అనుకుంటే, స వాయించిన బొటనవేలు రి, గ అయ్యాక మూడో వేలి కిందుగా దూరి మ అందుకోవాలి. అప్పుడే పై స దాకా చిటికెనవేలితో హాయిగా చేరతారు. ఇది తెలియనివాళ్ళు ప దగ్గరే వేళ్ళు అయిపోయి, చెయ్యెత్తి మళ్ళీ వేస్తారు. పాట అక్కడ తెగుతుంది. ఎడమచేతికి లెక్క వేరు: చిటికెనవేలితో మొదలుపెట్టి ప దగ్గరికి బొటనవేలు వచ్చాక, మూడో వేలు దాని మీదుగా దాటి ద మీద పడాలి. రెండు చేతులూ కలిపితే మీరు తడబడేది ఇందుకే, దాటడాలు ఒకే చోట రావు. మనవాళ్ళు మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు, జంటలు, అలంకారాలు అనే తొలి పాఠాలు అయ్యేదాకా గీతం ఎందుకు ముట్టుకోనివ్వరు? తప్పుడు అలవాటు ఒకసారి పడిందంటే వేళ్ళు పాడవుతాయి. తర్వాత ఎవరూ సరిచేయలేరు.

గుంటూరు కార్డ్స్
బొటనవేలు ఎక్కడ దూరిందో వినేవాళ్ళకు కనపడదు మేడమ్.

సరళీవరస
కనపడదు. వినపడుతుంది.

డల్లాస్ నాన్న
మా అనుభవం చెప్తాను. మా అమ్మాయిని ఏడో ఏట చేర్చాం. ఏడాదికో గ్రేడు పరీక్ష, గ్రేడుకి మూడు పీసులు, వాటితోపాటు స్కేల్స్. ఆ మూడు పీసులే ఏడాది పొడుగునా మా ఇంట్లో మోగేవి. గ్రేడ్ 5 మంచి మార్కులతో పాసయింది. సర్టిఫికెట్ ఫ్రేము కట్టించాం. ఆ మర్నాటి నుంచి పియానో మూత తెరవలేదు. ఇప్పుడు దాని మీద ఉతికిన బట్టలు మడతపెట్టుకుంటున్నాం. క్రమశిక్షణ అనేవాళ్ళందరికీ నా సమాధానం ఆ బట్టల దొంతరే.

సరళీవరస
అది పరీక్షల గొడవ. స్కేల్స్ మీద ఎందుకు రుద్దుతున్నారు?

డల్లాస్ నాన్న
రెండూ ఒక చెట్టు కాయలే.

ఎనభైఎనిమిది
బొటనవేలి దగ్గరే ఆగిపోయారు కాబట్టి రెండు మాటలు.

ఒకటి, సి మేజర్ అందరికన్నా ముందు రావాలనే రూలేమీ లేదు. పియానో స్వరకర్త షోపాన్ తన శిష్యులకు బి మేజర్‌తో మొదలుపెట్టించేవాడు. అందులో ఐదు నల్ల కీలూ వస్తాయి, పొడుగు వేళ్ళు వాటి మీద పడతాయి, పొట్టి బొటనవేలు తెల్ల కీ మీద ఉంటుంది, చెయ్యి సహజంగా నిలుస్తుంది. చదవడానికి సి సులువు, చేతికి కాదు. రోజుకు మూడు గంటలకు మించి వాయించొద్దని కూడా ఆయన చెప్పేవాడు. మన అరగంటకు ఆ భయం లేదు.

రెండు, పాట వాయించాలంటే బొటనవేలు దాటాల్సిందే అనేది తప్పు. హంగేరీ స్వరకర్త బార్టోక్ 153 చిన్న రచనల వరస ఒకటి రాశాడు, మొదటి రెండు భాగాలు కొడుకు పీటర్‌కు అంకితం. మొదటి భాగంలో చాలా పాఠాలు ఐదు వేళ్ళ కింద ఉన్న ఐదు కీలతోనే నడుస్తాయి. చెయ్యి కదపక్కర్లేదు, అయినా అది సంగీతమే. అంటే వేళ్ళు కుదిరేదాకా పాట ఆపాల్సిన పని లేదు, కుదిరిన వేళ్ళకు తగ్గ పాట వెతకాలి.

సరళీవరస
బార్టోక్‌కు నమస్కారం. కానీ ఈయన అడుగుతున్నది తెలుగు పాట. ఐదు కీల మీద నడిచే సినిమా పల్లవి ఒకటి చూపించండి.

గుంటూరు కార్డ్స్
పది చూపిస్తా.

చిట్టిగారె
చూపించండి మరి.

(ఎవరూ చూపించలేదు.)

కొత్తవేళ్ళు
నేను అడిగింది అరగంట ఎలా పంచుకోవాలని అండీ...

గుంటూరు కార్డ్స్
పది నిమిషాలు కార్డ్స్ మార్పు. సి నుంచి ఎఫ్, ఎఫ్ నుంచి జి, చూడకుండా. పదిహేను నిమిషాలు పాట. ఐదు నిమిషాలు నీ ఇష్టం. పాట ఎత్తుగా అనిపిస్తే శృతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కుకో, వేళ్ళు మార్చనక్కర్లేదు. కీబోర్డ్ ఇచ్చిన వరం అది.

సరళీవరస
అదీ సంగతి. ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పద్దెనిమిదేళ్ళు సి మేజర్‌లోనే వాయించారన్నమాట. పియానో ముందు కూర్చోబెడితే ఆ బటన్ ఎక్కడుంటుంది? దాన్ని వాయించడం అనరు, నెట్టుకురావడం అంటారు.

గుంటూరు కార్డ్స్
మేడమ్, మాట జాగ్రత్త.

ఆదివారం పొద్దున్న పాడే ఆవిడ ఏ శృతిలో ఎత్తుకుంటుందో ఆవిడకే తెలియదు. మొదటి లైను అయ్యేలోపు నేను ఆ శృతి పట్టుకుని, బటన్ కొట్టి, రెండో లైనుకు కార్డ్ ఇవ్వాలి. రెండో చరణంలో ఆవిడ ఇంకాస్త పైకి వెళ్ళిపోతుంది, అప్పుడు బటన్ లేకుండానే వెంట వెళ్తాం. అది మీ సరళీ వరసల్లో ఏ నంబరు?

ఇంకో విషయం. "వేళ్ళు పాడవుతాయి, ఎవరూ సరిచేయలేరు" అన్నారు చూశారా, ఆ మాట నాకు కొత్త కాదు. పదిహేడో ఏట నోట్స్ చదవడం నేర్చుకుందామని ఒక మాస్టారి దగ్గరికి వెళ్ళాను. మా నాన్న ఫీజు జేబులో పెట్టుకుని వచ్చాడు. ఒక పాట వాయించమన్నారు, వాయించాను. వేళ్ళు చూసి "ఇవి పాడైపోయినయ్యి, నావల్ల కాదు" అని పంపేశారు. బస్టాండు దాకా మా నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పటికీ నాకు నోట్స్ రావు. మీలాంటివాళ్ళు తలుపు దగ్గర నిలబడి ఎవరిని లోపలికి పంపాలో తేలుస్తుంటారు.

నిర్వాహకుడు
వ్యక్తిగతంగా వెళ్ళకండి. ప్రశ్న అరగంట సాధన గురించి.

డల్లాస్ నాన్న
గుంటూరు గారూ, మా అమ్మాయి టీచరూ అచ్చం ఇంతే. వేలు కాస్త వంగకపోతే పెన్సిల్‌తో తట్టేది.

చిట్టిగారె
డల్లాస్ నాన్న గారూ, అమ్మాయి ఎందుకు మానేసిందో అమ్మాయిని అడిగారా?

డల్లాస్ నాన్న
...అడగలేదు.

సరళీవరస
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను.

గుంటూరు గారూ, నెట్టుకురావడం అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ మాస్టారు చేసింది తప్పు. నేను టీచర్ని కాను, మీరు అనుకుంటున్న తలుపు దగ్గర నన్నూ ఎవరూ నిలబెట్టలేదు. చిన్నప్పుడు గాత్రం నేర్చుకున్నాను. అలంకారాలు అయ్యి గీతం మొదలైన నెలలోనే పెళ్ళి కుదిరింది, అక్కడితో సరి. నాకు పూర్తిగా వచ్చిన పాట లేదు. వచ్చినవి వరసలే. 58వ ఏట మా అబ్బాయి పాత డిజిటల్ పియానో ఇంట్లో పడి ఉంటే దాని మీద మాయామాళవగౌళ వెతుక్కున్నాను. సి నుంచి ఎత్తుకుంటే వేళ్ళ లెక్క సి మేజర్‌దే సరిపోతుంది. కాకపోతే రి, ద నల్ల కీల మీదికి వెళ్తాయి, ద నుంచి ని అందుకోవడానికి మూడో వేలు, నాలుగో వేలు బాగా చాపాలి. అది చాపినప్పుడల్లా నాకు పదహారేళ్ళు.

తెల్లవారుజామున అయిదున్నరకు, ఇల్లు లేవకముందు, ఒక్కో వరస ఒకటో కాలం, రెండో కాలం (రెట్టింపు వేగం) వాయించుకుంటాను. మీరందరూ స్కేలు అంటే పాటకు ముందు మింగాల్సిన కషాయం అన్నట్టు మాట్లాడుతుంటే కోపం వచ్చింది. నాకు అదే భోజనం. ఎదురుగా ఎవరైనా ఉంటే నాకు వేళ్ళు కదలవు.

గుంటూరు కార్డ్స్
మేడమ్, మీరిది మొదటే చెప్పి ఉంటే నేను అంత ఎగిరేవాణ్ణి కాదు. నాకు రివర్సు. ఎదురుగా పాడేవాళ్ళు లేకపోతే రెండు నిమిషాలు కూర్చోలేను. ఇంట్లో మా కీబోర్డ్ బ్యాగులోంచి బయటికి తీసేది శనివారం రాత్రి రిహార్సల్‌కే.

అయినా తమ్ముడికి మూడు నెలల స్కేల్స్ ఎక్కువే అంటాను. దాంట్లో మార్పు లేదు.

సరళీవరస
ఆయన ఉండేదే అరగంట. అందులో పది నిమిషాలు స్కేల్స్ అయినా ఉండాలి. దాంట్లోనూ మార్పు లేదు.

ఎనభైఎనిమిది
కొత్తవేళ్ళు గారికి పనికొచ్చేవి కొన్ని చెప్పి వెళ్తాను, మీ ఇద్దరి తగువు మీరు చూసుకోండి.

పాటను మొదటి నుంచి చివరి దాకా వాయించడం, తప్పు వచ్చినచోట ఆగి మళ్ళీ మొదటికి వెళ్ళడం, కొత్తవాళ్ళ అరగంటను తినేసేది ఇదే. మొదటి రెండు లైన్లు వందసార్లు వస్తాయి, చివరి లైను రెండుసార్లు. రెండు బార్లు (తాళం ప్రకారం విడగొట్టిన చిన్న ముక్కలు) మాత్రమే తీసుకోండి. వేలి నంబరు పైకి చెప్తూ వాయించగలిగేంత నెమ్మదిగా. ఒక్కో చెయ్యి విడిగా, తర్వాత కలిపి. ఒక్కోరోజు చివరి రెండు బార్ల నుంచి వెనక్కి రండి.

అడాప్టర్ తీసి అల్మరాలో పెట్టొద్దు. స్విచ్ నొక్కితే మోగేలా ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. సాధన ఎగ్గొట్టిన రోజుల్లో సగం ఆ వైరు వెతకలేకే.

ఒక ఆట కూడా ఉంది. మూడు నల్ల కీల గుంపులో మొదటిది స అనుకోండి. అక్కడి నుంచి నల్ల కీలు మాత్రమే వాయిస్తూ పైకి వెళ్ళండి. స రి గ ప ద, మోహన రాగం. ఎటు వేసినా అపస్వరం పడదు. చివరి ఐదు నిమిషాలు దీనికి ఇవ్వండి.

సరళీవరస
మోహనం సంగతి బాగా చెప్పారు. నాదీ ఒకటి. ముత్తుస్వామి దీక్షితులు ఈస్టిండియా కంపెనీ వాళ్ళ బ్యాండు వరసలు విని వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు, నోట్టుస్వరాలంటారు. శంకరాభరణ రాగమే, అంటే మేజర్ స్కేలే కాబట్టి సి నుంచి ఎత్తుకుంటే తెల్ల కీలే. గమకాలు (స్వరాల ఊపులు) లేకుండా స్వరాలు నిలువుగా ఉంటాయి, అందుకే పియానో మీద అతకవు అనే బాధ లేదు. చిన్నవి. సి మేజర్ వచ్చినవాళ్ళకు అందుతాయి. మీ సార్‌కు కూడా అభ్యంతరం ఉండదు.

గుంటూరు కార్డ్స్
అంటే పాట మొదలుపెట్టమంటున్నారు.

సరళీవరస
సి మేజర్ వచ్చాక అన్నాను.

గుంటూరు కార్డ్స్
వచ్చిందిగా, మూడు నెలలైంది!

డల్లాస్ నాన్న
అమ్మాయిని అడిగాను. మానేయలేదట. హాస్టల్ కామన్ రూములో పియానో ఉందట, గేముల్లో వచ్చే మ్యూజిక్ విని వాయిస్తుందట. ఇంట్లో వాయిస్తే నేను వచ్చి నిలబడి వింటానని ముట్టుకోలేదంది. బట్టలు తీసేశాం. అంతకన్నా రాయలేను.

చిట్టిగారె
మా పెనం కూడా తీశాను.

కొత్తవేళ్ళు
పదిరోజుల తర్వాత వచ్చాను, ఇంత నడుస్తుందనుకోలేదు. చేసింది చెప్తాను. కీబోర్డ్ పడగ్గదిలోంచి హాల్లోకి మార్చాను. పదింటికి కాకుండా ఏడున్నరకు, అన్నం ఉడికేలోపు. హెడ్‌ఫోన్స్ తీసేశాను. మొదట మా పాప నల్ల కీల మీద మోహనం దంచుతుంది, ఐదు నిమిషాలంటే పది తీసుకుంటుంది. తర్వాత ఒక స్కేలు, రెండు చేతులూ కలిపి, నాలుగుసార్లు. తర్వాత ఒక పాత పాట పల్లవిలో రెండు బార్లు. మూడో బారు దగ్గర బొటనవేలు దాటాల్సి వచ్చింది, మేడమ్ చెప్పినట్టే దాటించాను, ఒకసారి కుదిరింది. రెండు రోజులు ఎగ్గొట్టాను. ఫోన్ మాత్రం వంటింట్లోనే ఉంటోంది.

పాట మొదలుపెట్టానని సార్‌కి ఇంకా చెప్పలేదు.

గుంటూరు కార్డ్స్
చెప్పకు తమ్ముడూ.

సరళీవరస
చెప్పండి. బొటనవేలు దాటిందని కూడా చెప్పండి.