అప్‌డేట్: మా పిల్లల పద్యనాటకం ఆడేశాం

పోయిన వేసవిలో ఒక గోడు వెళ్లబోసుకున్నాను. తెనాలిలో హైస్కూలు పిల్లలతో పద్యనాటక సమాజం పెట్టాం, అరగంటకే జనం లేచిపోతున్నారు, కృష్ణుడు వేసే అబ్బాయికి గొంతు మారి పద్యం అందడం లేదు, ఏం చేయాలి అని.

"నాటకమంతా వద్దు, రాయబారం సీను ఒక్కటే వేయండి" అన్న సలహా పట్టుకున్నాం. 40 నిమిషాలకు కుదించాం. పద్యం ముందు సూత్రధారి మామూలు తెలుగులో రెండు ముక్కలు చెబుతాడు. రాగాలాపన తగ్గించమంటే మా హార్మోనిస్టు గారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అబ్బాయికి భీష్ముడి వేషమిచ్చి, ఒక్క పద్యమే ఉంచి, శ్రుతి బాగా దించాం. కృష్ణుడు ఎనిమిదో తరగతి అమ్మాయి. కొందరు పెద్దలు గొణిగారు. మగవాడైన బాపట్ల నటుడు స్థానం నరసింహారావు గారు సత్యభామ వేస్తే జేజేలు కొట్టిన జనమే కదా మనం, అమ్మాయి కృష్ణుడైతే వచ్చిన నష్టమేంటి? సురభి నాటక సమాజం వాళ్లలో ఆడవాళ్లు మగవేషాలు ఎప్పటినుంచో కడుతున్నారు.

ప్రదర్శన రోజు టెన్షన్‌తో నాకు అన్నం దిగలేదు. వచ్చింది వందమందే, కానీ చాలామంది చివరిదాకా కూర్చున్నారు. వెనక వరసలోంచి ఒక తాత "వన్స్ మోర్" అని అరిచారు. పద్యం నచ్చితే అలా మళ్లీ పాడమనే ఆనవాయితీ కృష్ణుడు వేసిన పాపకు తెలియదు, తప్పు పాడానేమోనని బిక్కమొహం వేసింది! హార్మోనిస్టు గారే నవ్వుతూ మళ్లీ శ్రుతి అందించారు.

కిరీటం మాత్రం రెండుసార్లు జారింది. అద్దె కిరీటాలన్నీ పెద్దవాళ్ల కొలతే.