మోటారు తిరుగుతోంది, నీళ్లు మాత్రం రావట్లేదు: ఫైబర్ పడవ బిల్జి పంపు గురించి

ప్రశ్న: భీమిలి నుంచి

అన్నలకు నమస్కారం. మాది 24 అడుగుల ఫైబర్ పడవ, వెనక ఔట్‌బోర్డు ఇంజను. జీపీఎస్‌కీ లైట్లకీ ఒక 12 వోల్టుల బ్యాటరీ ఉంది, పడవ అడుగున చేరిన నీటిని బయటికి తోడే బిల్జి పంపు కూడా దానికే కలిపాం. పంపు మీద గంటకు 1100 గ్యాలన్లు అని రాసి ఉంది. ఇప్పుడు స్విచ్ వేస్తే మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తోంది గానీ పైపు చివర సన్నటి ధార తప్ప ఏమీ లేదు. నీరు పెరిగితే తేలి దానంతటదే పంపు తిప్పే ఫ్లోటు స్విచ్ అసలు పనిచేయడం లేదు. మొన్న వేటకెళ్తే దారి పొడుగునా డబ్బాలతో తోడుతూనే ఉన్నారు మావాళ్లు, బాగా టెన్షన్ పడ్డాం. షాపతను 2000 గ్యాలన్ల పంపు వేసుకోమంటున్నాడు. మార్చేయమంటారా?

జవాబు: విశాఖ, పడవల వైరింగ్ పని

తమ్ముడూ, ఇప్పుడే డబ్బు పెట్టకు. మోటారు తిరుగుతోందంటే పంపు ఇంకా బతికే ఉండొచ్చు. నా దగ్గరికి వచ్చేవాటిలో పంపు నిజంగా కాలిపోయినవి తక్కువ. చాలావాటిలో లోపం వైరు దగ్గరో పైపు దగ్గరో ఉంటుంది. అది సరిచేయకుండా కొత్త పంపు వేస్తే కొత్తదీ అలాగే ఏడుస్తుంది.

మొదట బ్యాటరీ నుంచి పంపు వైరు తీసెయ్. పంపు పక్కనున్న నొక్కులు నొక్కి పైకి లాగితే అడుగునున్న జల్లెడ విడిపోతుంది. లోపల రెక్కల చక్రం కనిపిస్తుంది. వేట పడవల్లో ఆ చక్రం ఇరుసుకి వల దారం చుట్టుకుని ఉంటుంది, పైనుంచి చూస్తే తెలియదు. వేలితో తిప్పి చూడు, బరువుగా తిరిగితే దారం ఉన్నట్టే. సన్నటి కొక్కెంతో లాగి తియ్. ఐసు కరిగిన నీళ్లు, చేప పొలుసులు, నెత్తురు కలిసి జిగటగా పేరుకుని జల్లెడ బెజ్జాలను పూడ్చేస్తాయి. పాత టూత్ బ్రష్‌తో రుద్ది కడుగు. రెక్క విరిగినా, చక్రం ఇరుసు మీద వదులై జారుతున్నా పంపు మార్చక తప్పదు.

అవన్నీ బాగున్నాయా? ప్లస్, మైనస్ తారుమారయ్యాయేమో చూడు. ఈ పంపుల మోటారు వైర్లు తారుమారైతే వెనక్కి తిరుగుతుంది, ఆగిపోదు. చప్పుడు మామూలుగానే ఉంటుంది, నీళ్లు మాత్రం నామమాత్రంగా వస్తాయి. మధ్యలో ఎవరైనా వైరు తెంపి అతికించి ఉంటే ముందు దీన్నే అనుమానించు. చాలా పంపుల్లో గోధుమ రంగు ప్లస్, నలుపు మైనస్. మూడు వైర్లుంటే దానితో వచ్చిన కాగితం చూసే కలుపు.

ఇప్పుడు వోల్టేజీ కొలిచే మీటరు తీసుకో. పంపు నీళ్లలో ఉండి తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర ఒకసారి, పంపు వైర్ల దగ్గర ఒకసారి వోల్టేజీ చూడు. పంపు ఆపి చూస్తే ఏమీ తేలదు, కరెంటు పారుతున్నప్పుడే వైరు లోపం బయటపడుతుంది. లెక్క చెప్తాను. బ్యాటరీ నుంచి పంపుకి 5 మీటర్లు అంటే రానూపోనూ 10 మీటర్ల వైరు. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరైతే 4 ఆంపియర్లకు దాదాపు 0.7 వోల్టు వైరే తినేస్తుంది. 2.5 వైరు వేస్తే అది 0.3 లోపే. ఇది కొత్త వైరు సంగతి. తొడుగు కోసి చూసినప్పుడు రాగి నల్లబడి, పచ్చటి పొడి రాలుతుంటే ఇంకా ఎక్కువ పోతుంది. అలాంటి వైరుకి 2000 పంపు తగిలిస్తే అది ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, అతుకుల దగ్గర వేడెక్కుతుంది. షాపతని మాట ఇప్పటికి పక్కన పెట్టు.

జవాబు: కాకినాడ

పైన అన్న చెప్పింది అక్షరాలా నిజం. పైపు సంగతి నేను చెప్తాను. మీది ముడతల పైపా, లోపల నున్నగా ఉండేదా? ముడతల పైపులో ధార బాగా పడిపోతుంది, చెత్త కూడా ముడతల్లో ఆగుతుంది. పంపు నుంచి పైపు ఎక్కడా కిందికి వేలాడకుండా పైకే పోవాలి. మధ్యలో వంపు దిగితే అక్కడ నీరు నిలిచి, వెనక గాలి చిక్కుకుంటుంది. పంపు గాలిలోనే తిరుగుతూ ఉంటుంది, మనం మోటారు పోయిందనుకుంటాం. పైపు ఒకసారి పంపు దగ్గర ఊడదీసి స్విచ్ వెయ్యండి. నీరు గుప్పున ఎగజిమ్మితే పంపు బాగున్నట్టే, లోపం పైపులో ఉన్నట్టే.

నీరు బయటికి పోయే మూతి, పడవ నిండు బరువుతో ఉన్నప్పుడు కూడా నీటి మట్టానికి కనీసం 20 సెంటీమీటర్ల పైన ఉండాలి. చేపలతో తిరిగొచ్చేటప్పుడు పడవ ఎంత దిగుతుందో చూసి కొలవండి. మూతి మునిగితే, పంపు ఆగాక సముద్రం నీరు అదే పైపులోంచి వెనక్కి లోపలికి వస్తుంది. అది రాకుండా వాల్వు పెట్టుకోమని కొందరు చెప్తారు, నాకు ఆ పద్ధతి నచ్చదు. పొలుసు ఇరుక్కుని వాల్వు మూసుకుపోతే, నీళ్లు తోడాల్సిన వేళకే పంపు మూగబోతుంది. మూతి ఎత్తులో పెట్టుకోవడమే మంచిది.

ప్రశ్న అడిగినవారు

అన్నా, చక్రానికి నిజంగానే నైలాను దారం చుట్టుకుని ఉంది! తీసేశాక నీళ్లు మెరుగయ్యాయి గానీ పూర్తిగా కాదు. బ్యాటరీ దగ్గర 12.5, పంపు దగ్గర 10.9 చూపిస్తోంది. ఫ్లోటు చేత్తో ఎత్తినా పంపు తిరగట్లేదు. స్విచ్‌తో వేస్తేనే తిరుగుతోంది. పంపుకి పైపు తగిలించే గొట్టం దగ్గర చిన్న పగులు కూడా కనిపించింది, అందుకని మార్చేద్దామనుకుంటున్నాను.

జవాబు: విశాఖ, పడవల వైరింగ్ పని

1.6 వోల్టులు దారిలోనే పోతున్నాయి, వైరంతా మార్చాల్సిందే. గొట్టం పగిలింది కాబట్టి పంపూ మార్చు. అదే 1100 చాలు. గంటకు 4,100 లీటర్ల పైచిలుకు అని దాని లెక్క, కానీ అది పైపు ఎత్తు లేనప్పటి మాట. మీటరు ఎత్తు, ఒకటి రెండు మలుపులు ఉంటే బాగా తగ్గుతుంది. బిగించాక 20 లీటర్ల బకెట్ పెట్టి పట్టు. 30 సెకన్లలో నిండితే గంటకు 2,400 లీటర్లు. పెట్టె మీద అంకె కంటే ఈ అంకెనే నమ్ము. పడవ అడుగున, నీటి మట్టానికి అడుగు లోతులో ఒక అంగుళం బెజ్జం పడినా గంటకు రమారమి 2,500 లీటర్లు లోపలికొస్తాయి. కాబట్టి పంపు ఎంత బాగున్నా డబ్బాలు పడవలోంచి తీసెయ్యొద్దు.

పాత పంపు పీఠం సరిపోతే దాని మీదే కూర్చోబెట్టు. సరిపోకపోతే పడవ అడుక్కి మేకులు దింపకు. చిన్న ఫైబర్ పలకనో గట్టి ప్లాస్టిక్ పలకనో ఎపాక్సీతో అతికించి, దాని మందంలోనే ఆగే స్టీలు స్క్రూలు వాడు. అతికించే చోట నూనె జిడ్డు పోయేదాకా కడిగి, గరుకు కాగితంతో రుద్ది, పూర్తిగా ఆరనివ్వు.

వైరు తగరం పూత ఉన్నది దొరికితే అదే తీసుకో, ఉప్పుగాలికి అది ఆగుతుంది. అతుకులు బిల్జి నీళ్లు తగలని ఎత్తులో ఉండాలి. ఉత్త టేపు చుట్టి వదిలెయ్యకు. లోపల జిగురుండే ముడుచుకునే గొట్టం వేసి వేడి చెయ్, చివర్ల నుంచి జిగురు కాస్త పొంగిందంటే మూసుకున్నట్టు.

ఫ్లోటు మార్చు. అది పంపు పీఠం కంటే కొంచెం పైన ఉండాలి, లేకపోతే అడుగున మిగిలే నీటికి పంపు ఆగదు. ఇంకో సంగతి: పంపు ఆగగానే పైపులో ఉన్న నీరు వెనక్కి జారుతుంది. అంగుళం పైపు 2 మీటర్లుంటే లీటరు నీరు. ఇరుకు అడుగున ఆ లీటరుకే ఫ్లోటు మళ్లీ లేచి, పంపు ఆగుతూ తిరుగుతూ రాత్రంతా బ్యాటరీని తాగేస్తుంది. ఫ్లోటు ఎత్తు కాస్త మార్చుకుంటూ చూడు. ఫ్లోటు వైరు మెయిన్ స్విచ్‌తో పని లేకుండా బ్యాటరీకి నేరుగా, మధ్యలో ఫ్యూజుతో కలపాలి. ఒడ్డున పడవ కట్టేసి ఇంటికెళ్లాక వాన పడితే అదే కాపాడుతుంది. ఫ్యూజు పంపు కాగితంలో రాసినంతే, బ్యాటరీకి దగ్గరగా. పోయిందని పెద్దది వెయ్యొద్దు.

పని మొదలుపెట్టే ముందు పెట్రోలు ట్యాంకు దింపెయ్, అడుగున గాలి ఆడనివ్వు. వాసన వస్తుండగా బ్యాటరీ వైరు ముట్టుకోకు. ఆ ఆవిరి కిందకే దిగుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

జవాబు: కాకినాడ

అసలు నీరు ఎక్కడ నుంచి వస్తోందో కూడా కనుక్కోండి. నాలుక్కి తగిలించి చూస్తే వాన నీరో ఉప్పు నీరో తెలుస్తుంది. ఉప్పదైతే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో పడవ ఒడ్డెక్కినప్పుడు బయటంతా తుడిచి ఆరనిచ్చి, లోపల ఓ జానెడు లోతు నీళ్లు పోయండి. లోపలికి వచ్చే దారినే నీరు బయటికి చెమ్మగా కనిపిస్తుంది. నీరు తీసే బిరడా చుట్టూ, వెనక పలకకి ఇంజను బిగించిన బోల్టుల చుట్టూ ముందు చూడండి. చెమ్మ కనిపించిన ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టాకే నీళ్లు వదలండి.