సమస్య: పెండ్లికొడుకు వెడల విడిది నిండె

బురుజు నీడ, కర్నూలు: ఈ వారం ఆటవెలది, నాలుగో పాదం పైన ఉంది. పెళ్ళికొడుకు వెళ్ళిపోతే విడిది ఖాళీ కావాలి గదా, నిండడమేంది? నిన్న రాత్రి నా ఉబుంటు (లినక్స్) ల్యాప్‌టాప్‌లో జరిగింది ఇదే. నిజం పెళ్ళిళ్ళ మీద రాస్తే తీసుకోను.

హంద్రీ ఒడ్డు:

ఆట నొకటి తీసి హాయిగా నుంటిని
జాగ పెరుగలేదు చారెడైన
తోడు వచ్చినట్టి దొరలెల్ల నందుండ
పెండ్లికొడుకు వెడల విడిది నిండె

ల్యాప్‌టాప్ నుంచి తీసేసింది 'జీరో ఎడి' ఆట. బొమ్మలూ శబ్దాలూ వేరే డేటా ప్యాకేజీలో ఉంటాయి. బరువంతా దానిదే, అది కదల్లేదు.

దేవుని కడప: "చారెడైన" చక్కగా పడింది. "వచ్చినట్టి"లో 'అట్టి' గణం నింపడానికి తెచ్చిందే. జబ్బు చెప్పినావు, మందు చెప్పలేదు నాయనా.

వేరుశనగ, అనంతపురం: మందు ఇదిగో గురువుగారూ! ఉబుంటులో ప్యాకేజీలు పెట్టే, తీసే 'ఆప్ట్' కమాండ్‌లోనే ఉంది.

ఆప్టు రిమువు కొట్ట నసలుదే పోయెను
ఆటొరిమువు మరువ నయ్యొ చూడు
బంధుగణము కదలి పయనమై పోవదు
పెండ్లికొడుకు వెడల విడిది నిండె

దేవుని కడప: రిమూవును రిమువు చేసినావు, అదీ రెండుసార్లు! "పోయెను" తర్వాత "ఆటొ", సంధి గాలికి పోయింది. భావం మాత్రం ఖాయం. రిమూవ్‌కు పేరు చెప్పినదే పోతుంది. దానికోసం వెంట వచ్చి, ఇప్పుడు ఎవరికీ అక్కరలేనివాటిని ఆటోరిమూవ్ సాగనంపుతుంది. మొదట కమాండ్‌కు హైఫన్ ఎస్ (-s) చేర్చి కొట్టు, ఏదీ తీయకుండా ఏవేవి పోతాయో ఊరికే చూపిస్తుంది. చదవకుండా 'వై' (సరే) నొక్కి నేనొకసారి డెస్క్‌టాపే పోగొట్టుకున్నా.

పెన్నమ్మ: ఆటోరిమూవ్ కొట్టినా నా విడిది ఖాళీ కాలేదు సార్. వాటిమీద 'మాన్యువల్', అంటే నేనే కోరి పెట్టుకున్నవి అనే గుర్తు ఉంది.

సొంతవారటంచు చుక్క పెట్టితి మున్ను
కదలమనిన వారు కదలరైరి
మాన్యువలను గుర్తు మహిమ యిట్టిది సుమీ
పెండ్లికొడుకు వెడల విడిది నిండె

దేవుని కడప: ఇదీ పూరణ! చుక్క పెట్టడమూ పెళ్ళి మాటే. ఒక్క సందేహం తల్లీ, ఆ చుక్క తెలిసే పెట్టినావా?

పెన్నమ్మ: లేదు సార్. ఎవరో చెప్పిన వరుసలో ఒక్కో లైబ్రరీకి (వేరే ప్రోగ్రాములు వాడుకునే తోడు ప్యాకేజీకి) 'ఆప్ట్ ఇన్‌స్టాల్' కొట్టుకుంటూ పోయాను. అప్పటికే ఉన్నవి కూడా మాన్యువల్ అయి కూర్చున్నాయి.

దేవుని కడప: అట్లయితే "చుక్క పడెను మున్ను" అను, గణాలు చెడవు. మాన్యువల్ గుర్తున్నవాటిని చూపే 'ఆప్ట్-మార్క్ షోమాన్యువల్' జాబితా చూసి, అక్కరలేనివాటికి 'ఆప్ట్-మార్క్ ఆటో' కొట్టు, వెంట వచ్చినవే అని గుర్తు మారుతుంది. ఆ తర్వాత ఆటోరిమూవ్ మాట వింటాయి.

బురుజు నీడ: సార్, షోమాన్యువల్ కొడితే నాకు మూడు తెరలు నిండింది. వచ్చే వారం సమస్య కాస్త ఆలస్యమవుతుంది.