అప్‌డేట్: మైగ్రేన్‌కి మెడికల్ కెనబిస్, న్యూజెర్సీలో వయసు లెక్క

మైగ్రేన్ ఉన్న పదిహేడేళ్ల పిల్లకి అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో మెడికల్ కెనబిస్ (మందుగా వాడే గంజాయి) కొనే కార్డు ఇస్తారా అని ఇంతకుముందు ఓ పోస్టులో అడిగాను. ఇస్తారు. అక్కడ మైగ్రేన్‌ని 2018లోనే అర్హత జబ్బుల్లో చేర్చారు, కనీస వయసంటూ లేదు.

కానీ 18 నిండకపోతే తల్లో తండ్రో గార్డియనో కేర్‌గివర్‌గా నమోదు కావాలి. మందు కొనేది, దగ్గర ఉంచేది వాళ్లే. రాసే డాక్టర్ పిల్లల స్పెషలిస్టు అయినా కావాలి, లేదంటే అలాంటి స్పెషలిస్టు నుంచి రాతపూర్వక నిర్ధారణ తీసుకోవాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. అపాయింట్‌మెంట్‌కి ముందే ఈ ఒక్క మాట అడిగేయండి.

18 నిండితే సొంతంగా నమోదు కావచ్చు. 21 దాకా మాత్రం కార్డు తప్పనిసరి. కార్డు లేకుండా కొనే షాపులు 21 నిండినవాళ్లకే. పరిమితి 30 రోజులకి 3 ఔన్సులు, అంటే సుమారు 85 గ్రాములు.

మన ఇళ్లలో వచ్చే చిక్కు పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, లైసెన్సులో ఇంకోచోట ఉంటుంది. దరఖాస్తుకి జతచేసే ఐడీలో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే నింపండి.

హెచ్‌1బీ, గ్రీన్‌కార్డు దశలో ఉన్నవాళ్లు ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి, దయచేసి. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) చట్టం వేరు. ఇండియాకి వచ్చేటప్పుడు చిన్న సీసా కూడా బ్యాగులో ఉండకూడదు, ఇక్కడ మాదకద్రవ్యాలపై 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఆ కార్డుని చూడదు.

ఇంకోటి: మైగ్రేన్ నొప్పి వచ్చినప్పుడు వేసుకునే ట్రిప్టాన్ మాత్రలు నెలలో 10 రోజులో అంతకన్నా ఎక్కువో వాడుతుంటే ఆ మాత్రల వల్లే తలనొప్పి ముదరొచ్చు. ముందు అది తేల్చుకోండి.