తక్కువ బడ్జెట్ హారర్ కామెడీ: చేత్తో చేసిన రక్తమా, గ్రాఫిక్సా?

ముసురు_రాత్రి
అందరికీ నమస్కారం. 12 నిమిషాల హారర్ కామెడీ షార్ట్ ఫిల్మ్ ప్లాన్ చేస్తున్నాం. ఒకే పెంకుటిల్లు, నలుగురు నటులు, రెండు రాత్రుల షూటింగ్, చేతిలో ఉన్నది 40 వేలు. 'ఈవిల్ డెడ్', 'బ్యాడ్ టేస్ట్', జపాన్ వాళ్ల 'వన్ కట్ ఆఫ్ ది డెడ్' లాంటి సినిమాలు చూస్తుంటే డబ్బు లేదన్న సంగతి ప్రతి షాట్‌లో తెలిసిపోతుంది. అయినా జనం కేకలేస్తూ చూస్తారు. యూట్యూబ్‌లో వచ్చే చాలా షార్ట్స్‌లో అదే చవకతనం విసుగు పుట్టిస్తుంది. తేడా ఎక్కడుంది?

ఇంకో సంగతి. టీమ్‌లో ఇద్దరు రక్తం మొత్తం గ్రాఫిక్స్‌లో వేసేద్దామంటున్నారు. ఒకరేమో నటులతో కావాలనే ఓవర్‌గా చేయిద్దాం, అప్పుడే కామెడీ అంటున్నారు. టెస్ట్ షాట్‌లో రక్తం రోజ్‌మిల్క్ రంగులో కనబడుతోంది. దీనికీ దారి చెప్పండి.

పాతరీలు
ముందు నటన గురించి. కావాలని చెడగొట్టి చేయించొద్దండి. మీరు చెప్పిన మూడు సినిమాల్లోనూ ఒక్క పాత్రకు కూడా తాను కామెడీలో ఉన్నానని తెలియదు. దెయ్యం తల ఊడి పడినా ఆ మనిషి నిజంగానే భయపడతాడు, నిజంగానే తలుపుకు గడియ పెడతాడు. నవ్వు మనకు వస్తుంది, వాడికి రాదు. నటుడు కెమెరా వైపు చూసి 'చూశారా ఎంత చెత్తగా ఉందో' అన్నట్టు ముఖం పెట్టాడా, భయం పోతుంది, దాంతో పాటు నవ్వూ పోతుంది.

రెండోది శ్రమ. డబ్బు లేకపోవడం ప్రేక్షకుడు క్షమిస్తాడు, ఒళ్లు వంచకపోవడం మాత్రం క్షమించడు. పీటర్ జాక్సన్ 'బ్యాడ్ టేస్ట్' (1987) న్యూజిలాండ్‌లో నాలుగేళ్ల పాటు ఎక్కువగా వారాంతాల్లో తీశాడు. గ్రహాంతరవాసుల మాస్కులు ఇంట్లో వంట ఓవెన్‌లోనే కాల్చాడు. రెండు పాత్రలు తానే వేసి, కొండ అంచున తనతో తానే కొట్టుకున్నాడు. తెర మీద రబ్బరు మాస్కు రబ్బరులాగే ఉంటుంది, కానీ దాని వెనక ఎవరో రాత్రంతా కూర్చున్నారని కూడా తెలుస్తుంది. బొమ్మా, దాన్ని ఆడించే చెయ్యీ రెండూ ఒకేసారి కనబడటంలోనే ఉంది ఆ సంబరం.

'వన్ కట్'లో మొదటి 37 నిమిషాలు ఒకే షాట్. మధ్యలో అర్థంలేని మౌనాలు, తడబాట్లు వస్తాయి. సినిమా చివరి భాగమంతా వాటి వెనక ఏం జరిగిందో చూపించడమే. సుమారు 30 లక్షల యెన్‌లతో తీసిన ఆ సినిమా జపాన్‌లో 300 కోట్ల యెన్‌లు దాటింది. అందులో ప్రతి లోపానికీ ఒక కారణం ఉంది, ఆ కారణం ఎవరో ఒకరి తంటా. మీ స్క్రిప్టులో కూడా ఏ ఎఫెక్ట్ చవగ్గా కనబడుతుందో ముందే గుర్తుపెట్టుకుని కథను దాని చుట్టూ రాసుకోండి.

ఇది మనకేం కొత్త కాదు. విఠలాచార్య 'జగన్మోహిని' (1978)లో దెయ్యం తన కాళ్లనే పొయ్యిలో కట్టెల్లా పెట్టి వంట చేస్తుంది. ఆ ట్రిక్కు పిల్లలకు కూడా అర్థమవుతుంది. అయినా ఇన్నేళ్లకీ జనం గుర్తుపెట్టుకుని చెప్పుకునేది ఆ సీనే, ఎందుకంటే ఆ దెయ్యం ఏ హడావిడీ లేకుండా, రోజూ చేసే పనిలా చేస్తుంది.

లేటెక్స్_లక్ష్మి
రక్తం సంగతి నేను చెబుతా. రోజ్‌మిల్క్ రంగుకు రెండు కారణాలు. ఒకటి, బేకరీ సామాన్ల షాపులో ఇచ్చే రాస్‌ప్‌బెర్రీ రెడ్ ఫుడ్ కలర్ అసలే గులాబీ వైపు ఉంటుంది. టొమాటో రెడ్ అడిగి తీసుకోండి. రెండోది, సినిమా రక్తం అంటే రంగు కలిపిన సిరప్ (చక్కెర పాకం లాంటిది), అది గాజులా ఉంటుంది. పల్చగా పరుచుకుంటే వెనకున్న తెల్లచొక్కా వెలుగు దాని గుండా వచ్చి గులాబీగా కనిపిస్తుంది. 'ఈవిల్ డెడ్' వాళ్లు కార్న్ సిరప్‌లో ఫుడ్ కలర్‌తో పాటు కాఫీలో వేసే క్రీమర్ పొడి కలిపింది ఆ చిక్కదనం కోసమే.

మన దగ్గర కార్న్ సిరప్ బదులు లిక్విడ్ గ్లూకోజ్ వాడండి. కిలో గ్లూకోజ్ డబ్బాను వేడినీళ్ల గిన్నెలో పది నిమిషాలు ఉంచితే జారుతుంది. పావు లీటరు గోరువెచ్చని నీళ్లు, నాలుగు చెంచాల టొమాటో రెడ్ లిక్విడ్, ఒక చెంచా కోకో పొడి. కోకోను ముందు కొద్ది నీళ్లలో ఉండల్లేకుండా కలుపుకోవాలి, లేకపోతే ముఖం మీద మచ్చలుగా తేలుతుంది. చివర్లో చెంచాడు పాలపొడి. తెల్ల ప్లేటులో ఒక చుక్క వేసి ప్లేటు వంచి చూడండి. జారిన దారిలో కూడా ఎరుపు నిలిస్తే సరిపోయినట్టే. కంటికి కాదు, షూట్ చేసే లైటు కింద కెమెరాలో చూసి ఖాయం చేసుకోండి. పసుపు బల్బు కింద ఇదే రక్తం నారింజ రంగుకు తిరుగుతుంది.

ఫుడ్ కలర్ చర్మానికి పట్టేస్తుంది. మేకప్‌కు ముందే వ్యాసలీన్ పల్చగా రాయండి. బట్టల మీదైతే పోదు, కాబట్టి రక్తం పడే ప్రతి పాత్రకూ ఒకేలాంటి చొక్కాలు మూడు కొనండి. చీమలు, ఈగలు ఎలాగూ వస్తాయి. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో వాడెయ్యండి, తర్వాత పులుస్తుంది. గాయాలకు లిక్విడ్ లేటెక్స్ (ఆరితే రబ్బరు పొరలా మారే ద్రవం) వాడేటట్టయితే ముందురోజు మోచేతి లోపల చుక్క రాసి దురద వస్తుందేమో చూడాలి. కనుబొమల మీద అసలు రాయొద్దు, వెంట్రుకలతో సహా ఊడి వస్తుంది.

ముసురు_రాత్రి
చాలా థ్యాంక్సండి. గోడ మీదకు రక్తం చిమ్మే షాట్ ఒకటుంది. అలాగే దెయ్యం కళ్లతో పెరట్లో నుంచి ఇంట్లోకి పరిగెత్తుకొచ్చే షాట్. గింబల్ (కెమెరా వణకకుండా పట్టే పరికరం) అద్దెకు తీసుకోవాలా?

లేటెక్స్_లక్ష్మి
చిమ్మడానికి 60 మి.లీ. సిరంజి, మీటరున్నర అక్వేరియం పైపు చాలు. పైపును వీపు మీదుగా చొక్కా లోపల టేపుతో అంటించి, కొసను కెమెరాకు కనబడని వైపు పెట్టండి. ఇక్కడ ఎక్కువమంది పొరబడేది ఒకే చోట: పైపులో గాలి వదిలేస్తారు. అప్పుడు ధార రాదు, ముందు బుడగ వచ్చి ఉమ్మినట్టు పడుతుంది. కొసలో చుక్క కనబడేదాకా నింపి, అప్పుడు యాక్షన్ చెప్పండి. చిమ్మే రక్తంలో నీళ్లూ గ్లూకోజూ సగం సగం ఉండాలి, చిక్కగా ఉంటే సిరంజి బిగుసుకుపోతుంది. అసలు గోడ మీద వద్దు. సున్నం గోడ రంగు పీల్చేస్తుంది, ఇంటి ఓనర్‌తో గొడవ. నాలుగడుగుల ప్లైవుడ్ ముక్కకు అదే రంగు వేసి గోడకు ఆనించండి. నేల మీద గోనె సంచులు పరవడం మర్చిపోవద్దు, గచ్చు మీద ఈ సిరప్ పడితే కాలు నిలవదు.

చెక్క_డాలీ
గింబల్ వద్దు. గింబల్‌తో తీస్తే దెయ్యం తేలుతూ వస్తుంది, మీకు కావలసింది ఉరుకు. 'ఈవిల్ డెడ్'లో ఆ షాట్లు ఒక చెక్క బద్ద మధ్యలో కెమెరా బిగించి, రెండు వైపులా ఇద్దరు పట్టుకుని పరిగెత్తి తీసినవే. ఐదడుగుల బద్ద తీసుకోండి. పొడుగు బద్ద పక్కకు చప్పున ఒరగదు, ఒకరి అడుగు తప్పినా రెండో చివర పట్టుకున్నవాళ్లు సర్దుతారు. అందుకే ఊపు ఉంటుంది, వణుకు ఉండదు. లెన్స్ వైడ్‌గా, నేలకు జానెడు ఎత్తులో పెడితే మామూలు పరుగు కూడా రెట్టింపు వేగంగా అనిపిస్తుంది. ఫోన్‌తో తీస్తే స్టెబిలైజేషన్ (వణుకు తగ్గించే సెట్టింగ్) ఆపేయండి, రాత్రి వెలుతురులో అది ఫ్రేమ్‌ను అలికేసినట్టు చేస్తుంది. గుమ్మం బద్ద కంటే ఇరుకైతే గుమ్మం దగ్గర కట్ చేసి, లోపలి షాట్ చేత్తో తీసుకోండి. చీకట్లో కలిసిపోతుంది.

నెమ్మదిగా జరిగే షాట్‌కు వాళ్లు వాడింది కూడా చెక్కే: బద్దకు టేపు చుట్టి, వ్యాసలీన్ రాసి, దాని మీద కెమెరాను జార్చారు.

లైటు కోసం ఎక్కువ ఖర్చు పెట్టొద్దు. 100 వాట్ల ఎల్‌ఈడీ ఒకటి కిటికీ బయట నుంచి, నటుడి వెనక వైపు. తడి రక్తం వెనక లైటుకే మెరుస్తుంది, ఎదురు లైటు పడితే జామ్ పూసినట్టుంటుంది. పొగకు సాంబ్రాణి చాలు. తలుపులు మూసి ఫ్యాన్ ఆపి రెండు నిమిషాలు ఆగితే తీగలు తీగలుగా ఉన్న పొగ గదంతా సమంగా పరుచుకుంటుంది. టేకు అవ్వగానే కిటికీలు తెరవండి. ఆస్తమా ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఈ పని మానేయండి.

కట్టింగ్_టేబుల్
గ్రాఫిక్స్ మొత్తానికే వద్దనను. పైపు కొస కనబడితే చెరపడానికి వాడండి, రక్తం వేయడానికి కాదు. గ్రాఫిక్స్ రక్తం నటుడి ముఖం మీద పడదు, వాడు కళ్లు మూసుకోడు, చొక్కా బరువెక్కదు. నవ్వు పుట్టేది సరిగ్గా ఆ కళ్లు మూసుకున్న క్షణంలోనే. అందుకే రక్తం పడిన వెంటనే కట్ చేయకండి. అదే ఫ్రేమ్‌లో ఇంకో రెండు సెకన్లు ఉంచండి. చుక్క ముక్కు చివరి నుంచి కారాలి, పక్కవాడు దాన్ని చూడాలి.

డబ్బులో కొంత సౌండ్‌కు పక్కన పెట్టండి. బొమ్మ చవగ్గా ఉన్నా నడుస్తుంది, శబ్దం బోలుగా ఉంటే నడవదు. ఎముక విరగడానికి తడిగుడ్డలో చుట్టిన ముల్లంగి, మాంసం చీలడానికి బాగా పండిన బొప్పాయిలో చెయ్యి పెట్టి తిప్పడం. మైకు జానెడు దూరంలో ఉంచి, ఫ్యాన్, ఫ్రిజ్ ఆపేసి రికార్డ్ చేయండి. ఎడిట్‌లో ఆ శబ్దాన్ని బొమ్మ కంటే ఒకట్రెండు ఫ్రేములు ముందుకు జరిపి చూడండి, దెబ్బ బలంగా తగిలినట్టుంటుంది.

షెడ్యూల్ విషయానికొస్తే, మొదటి రాత్రి పొడి సీన్లన్నీ, బద్ద పరుగుతో సహా. రక్తం రెండో రాత్రి, అదీ తక్కువ పడే షాట్ నుంచి ఎక్కువ పడే షాట్‌కు. మూడు చొక్కాలంటే మూడు టేకులే. సిరంజి టైమింగ్ మామూలు నీళ్లతో పాత చొక్కా మీద రిహార్సల్ చేసి, కుదిరాకే రక్తం నింపండి.